పేరు లేని ఆది జాకెట్టు

జాకెట్టు కుట్టే మనిషికి టేపు ఒక్కటే చాలదు. ఒంటికి సరిగ్గా పట్టే పాత జాకెట్టు ఒకటి చేతిలో పెట్టాలి. దాన్నే ఆది జాకెట్టు అంటారు. దాన్ని గుడ్డ మీద పరిచి, గీత గీసి కత్తిరిస్తే, పండగ పూట ఏ ఇల్లాలూ అద్దం ముందు నిలబడి ఏడవాల్సిన పని ఉండదు. నమ్మకం కుదిరాక దాన్ని వెనక్కి కూడా అడగరు, కుట్టేవాళ్ళ దగ్గరే వదిలేస్తారు. నాచారంలో చెరువు కింది బస్తీలో ఉన్న రోజుల్లో సారలమ్మ దగ్గర అలా వదిలేసిన ఆది జాకెట్లతో ఒక గోనెసంచి నిండిపోయింది. అదే తన ఆస్తి అని వచ్చినవాళ్ళకల్లా చూపించి మురిసేది. ఫ్యాక్టరీలో రాత్రి డ్యూటీ చేసొచ్చే ఆమె మొగుడు చంద్రయ్య మాత్రం, "నీ ఆస్తి జర పక్కకు జరుపు, నేను పండుకుంట" అనేవాడు.

కరోనా ఏడాది అక్టోబరు వానకు ఆ చెరువు పొంగింది. మిషను పోయింది, బియ్యం డబ్బా పోయింది, ఎవరి పెళ్ళికో ఒప్పుకున్న పట్టు జాకెట్లు పోయాయి, ఆస్తి సంచీ పోయింది. మొగుడూ పెళ్ళామూ పక్కవాళ్ళ మేడ ఎక్కి బతికారు. నీళ్ళు తీసాక సారలమ్మ ఇల్లిల్లూ తిరిగి, మీ జాకెట్లు పోయినయమ్మా అని చెప్పుకుంది. ఒక్కరూ తిట్టలేదు. అందరూ పర్లేదులే అన్నారు. అని, మళ్ళీ ఒక్క గుడ్డ ముక్క ఆమె చేతికి ఇవ్వలేదు. తిట్టినా బాగుండేది.

ఎవరో దాతలు పంచిన పాత బట్టల మూటలోంచి చేతికందిన జాకెట్లు తీసుకుని, చంకల దగ్గర రెండు కుట్లు వేసి తొడుక్కుంది. నెత్తికి ప్లాస్టిక్ టోపీ పెట్టుకుని ఒక కంపెనీలో బిస్కెట్లు ప్యాక్ చేసింది. ఆ టోపీ అంటే ఆమెకు ఎంత రోతంటే, బిస్కెట్టు తినడమే మానేసింది. నాలుగేళ్ళు అలా గడిచాక పాత మిషనొకటి కొని, ఈసారి పట్టుబట్టి రెండో అంతస్తులో గది తీసుకుని, చీరలకు ఫాల్ కుట్టడం మొదలుపెట్టింది. ఫాల్ అయితే ఆది అక్కర్లేదు. ఎవరూ ఎవరినీ నమ్మాల్సిన పనీ లేదు.

అలా ఫాల్ కోసం వచ్చిందే కామాక్షి. హబ్సిగూడలో ఉంటుంది, తెనాలి వైపు మనిషి. వారానికి రెండుసార్లు వస్తుంది. శ్రావణంలో ఆవిడ కూతురు ఉదయశ్రీ పెళ్ళి కుదిరింది. ఒకరోజు ఒక తాను పసుపు గుడ్డా, ఒక సంచీ తెచ్చి సారలమ్మ ముందు పెట్టింది.

"హల్దీకి మా వైపు ఆడవాళ్ళందరికీ ఒకే రంగు జాకెట్లు. తెనాలి నుంచి అందరి ఆదులూ తెప్పించాను. పేర్లు చీటీల మీద రాసి పిన్నులు పెట్టాను. నువ్వే కుట్టాలి."

సారలమ్మ తల ఊపింది. కామాక్షి మెట్లు దిగేదాకా ఆగి, గదిలో గిర్రున ఒక చుట్టు తిరిగింది. ఆ సాయంత్రం కొత్తిమీర అమ్మే ఆమెకు చెప్పింది. కింది ఇంటి దుర్గమ్మకు చెప్పింది. ఉప్పల్‌లో హుక్కులు కొనబోతూ బస్సు కండక్టరుకు కూడా చెప్పింది. ఆయన టికెట్ తీసుకొమ్మన్నాడు.

వరద తర్వాత ఆమెకు ఒక అలవాటు పట్టుకుంది. సబ్బు వాసన రాని గుడ్డ ఏదైనా ఆమెకు బురద వాసనే కొడుతుంది. ఆ సంచిలోని ఆదులన్నీ తీసి, చీటీలు విప్పి, ఉతికి, మేడ మీద తాడుకు ఆరేసింది. దేని చీటీని దాని పక్కనే క్లిప్పుకు పెట్టింది. అంతవరకు బుద్ధిగానే ఉంది. అంతలో నాలుగు చినుకులు పడ్డాయి.

వాన అంటే సారలమ్మకు ఇప్పటికీ కాళ్ళూ చేతులూ ఆడవు. ఒక్క ఉరుకున మేడెక్కి, జాకెట్లూ చీటీలూ క్లిప్పులూ అన్నీ కలిపి ఒళ్ళోకి లాగి, గదిలోకొచ్చి, మంచమెక్కి వాటిని అటక మీదికి విసిరింది. చూస్తే ఆ వాన రోడ్డు కూడా తడపలేదు.

చంద్రయ్య అటక మీది నుంచి అన్నీ దింపి నేల మీద పోశాడు. జాకెట్లు ఒక కుప్ప, చీటీలు ఒక కుప్ప. ఆ ఆడవాళ్ళలో ఒక్కరినీ సారలమ్మ చూసి ఎరగదు.

"కనకమహాలక్ష్మి," అని చీటీ చదివాడు చంద్రయ్య.

"గంత పెద్ద పేరు. మనిషి గూడ గట్లనే ఉంటది," అని సారలమ్మ అన్నిట్లోకి పెద్ద జాకెట్టు తీసి ఆ చీటీ గుచ్చింది.

"సుష్మ."

"సన్నటి పిల్ల. గిది పెట్టు."

"అనంతలక్ష్మి."

"నడిమి రకం."

చంద్రయ్య చీటీ కింద పెట్టేశాడు. "గిట్ల కాదు గని, కామాక్షమ్మకు ఫోన్ జేసి అడుగరాదు?"

సారలమ్మ చెయ్యి ఆగిపోయింది. "ఏమని అడగాలె? వానకు మల్ల ఆగమైనయ్ అనా? ఇన్నేండ్లకు ఒక్కరు నమ్మి ఇచ్చిన్రు. ఆమె గూడ పర్లేదులే సారలమ్మా అని తీస్కపోతే, నేను మల్ల ఆ టోపీ పెట్టుకోవాలె. నా తోని కాదు."

చంద్రయ్య తర్వాతి చీటీ చదివాడు.

చివరికి చీటీలు అయిపోయి, వెలిసిపోయిన నేరేడు రంగు జాకెట్టు ఒకటి మిగిలింది. దాని చీటీ గాలికి పోయి ఉంటుందనుకున్నారు. పాపం ఎవరిదో, గుడ్డ ఉన్నది కదా అని సారలమ్మ దానికీ ఒకటి కుట్టింది. అన్నీ పద్ధతిగా కుట్టి, చీటీలున్న ఆదులతో కలిపి కామాక్షికి అప్పజెప్పింది. కుట్టులో వంక పెట్టడం ఎవరి తరమూ కాదు.

హల్దీ నాటి పొద్దున ఫోను మోగింది.

"సారలమ్మా, ఒకసారి ఉప్పల్ ఫంక్షన్ హాలుకు రాగలవా," అంది కామాక్షి. గొంతులో కోపం లేదు. సారలమ్మను అదే భయపెట్టింది. కత్తెర, సూది, దారం చీర కొంగులో కట్టుకుని ఆటో ఎక్కింది. మెట్రో స్తంభాల కింద ట్రాఫిక్ ఆగినప్పుడల్లా ఆ టోపీ కళ్ళ ముందు కనపడింది.

హాలు పక్క గదిలో ఆడవాళ్ళంతా పసుపు చీరల్లో ఉన్నారు. కామాక్షి పిన్ని కనకమహాలక్ష్మి, గట్టిగా ఊదితే ఎగిరిపోయేంత చిన్న ముసలావిడ. ఆవిడ జాకెట్టులో ఆవిడలాంటివాళ్ళు ఇంకో ఇద్దరు పడతారు. కామాక్షి చెల్లెలి కూతురు సుష్మ ఆరడుగుల పిల్ల, కాలేజీలో వాలీబాల్ ఆడింది. మోచేతి దగ్గర ఇరుక్కున్న చెయ్యి దించలేక, అందరినీ ఆశీర్వదిస్తున్నట్టు నిలబడి ఉంది.

సారలమ్మ గుమ్మంలోనే చెప్పేసింది. "తప్పు నాదేనమ్మా. ఉతికి ఆరేసిన. వాన వచ్చింది. భయమై అన్ని గుంజిన, కలిసిపోయినయ్. మీకు చెప్పాల్సింది. చెప్తే తీస్కపోతరని చెప్పలే."

కనకమహాలక్ష్మి తన భుజం మీంచి జారుతున్న జాకెట్టు పట్టుకుని ముందుకొచ్చింది.

"అది సరేగానీ అమ్మాయ్, ఇది నాదని ఎలా అనుకున్నావు?"

సారలమ్మ నేల చూస్తూ అంది. "పేరు మస్తు పెద్దగున్నదని."

ముసలావిడ రెప్పలార్పి చూసింది. ముందు భుజాలు కదిలాయి, తర్వాత పొట్ట, ఆ తర్వాత నవ్వు ఆగక మంచం మీద కూలబడింది. సుష్మ పైకెత్తిన చెయ్యి అలాగే ఉంచి పగలబడి నవ్వింది, చేతి కుట్టు టప్పున విడిపోయింది. ఇక ఆ గది ఎవరి మాటా వినలేదు. తలుపు గడియ పడింది. పసుపు జాకెట్లు తలల మీదుగా ఎగిరాయి. ఇది నాకు చాలదే, అది ఇటు పడెయ్యవే, నీకు ఎప్పుడు ఇంత ఒళ్ళొచ్చిందే అంటూ ఒకరి జాకెట్టు ఒకరు లాక్కున్నారు. బయటి నుంచి పెళ్ళికూతురి తండ్రి పరంధామయ్య తలుపు కొట్టి, ఫోటోగ్రాఫరు వచ్చాడన్నాడు. అతనికి ఇంకో కాఫీ ఇవ్వమని లోపలి నుంచి జవాబు వచ్చింది. సారలమ్మ నోట్లో పిన్నులు పెట్టుకుని, విడిన కుట్టు వేస్తూ, నవ్వలేక, ఆపుకోలేక నానా తంటాలు పడింది. ఒకే రంగు గుడ్డ కావడం ఆమె అదృష్టం.

అందరికీ అన్నీ సరిపోయాయి. మంచం మీద ఒక జాకెట్టు మిగిలింది.

"ఇది ఎవరిది?" అంది కామాక్షి.

"దాని చీటీ పోయిందమ్మా. వెలిసిన నేరేడు రంగు ఆది."

కామాక్షి ఆమె వైపు వింతగా చూసింది. "నేరేడు రంగా? మేమెవరమూ అది పంపలేదే. వారానికి రెండుసార్లు చూస్తాను, అది నీ ఒంటి మీద జాకెట్టు కదా."

కనకమహాలక్ష్మి ఆ పసుపు జాకెట్టును సారలమ్మ వీపుకు పెట్టి చూసింది. అతికినట్టు సరిపోయింది.

ఆ తాడు మీద తన జాకెట్టు కూడా ఆరేసుకున్న సంగతే సారలమ్మకు తట్టలేదు. వరద తర్వాత ఒంటి మీద వేసుకున్న ఏ గుడ్డనూ ఆమె తనదనుకోలేదు, ఒక్కసారి సరిగ్గా చూసింది కూడా లేదు. ఊరందరికీ కుట్టే మనిషి తనకంటూ ఒక్కటి కత్తిరించుకోలేదు. ఇన్నేళ్ళకు కొత్త జాకెట్టు కుట్టుకుంటే, అది కూడా ఎవరిదో అనుకుని కుట్టింది. ఆమెకు ఏడుపు వచ్చింది, దాని వెనకే నవ్వు వచ్చింది, రెండూ కలిసి ఎక్కిళ్ళు పట్టాయి.

ఆ ఎక్కిళ్ళతోనే వాళ్ళు ఆమెకు జాకెట్టు తొడిగారు, ఎవరిదో పసుపు చీర చుట్టారు, చెయ్యి పట్టుకుని ఉదయశ్రీ ముందు కూర్చోబెట్టారు. ఆమె పెళ్ళికూతురికి పసుపు రాసింది. సుష్మ గిన్నె ఎత్తి మిగిలిందంతా ఆమె మొహానికి పూసింది. ఫోటోల్లో కనకమహాలక్ష్మి పక్కన పసుపు ముద్దలా నవ్వుతున్నది ఎవరని పెళ్ళివారు ఇప్పటికీ అడుగుతారట.

బయల్దేరబోతుంటే ముసలావిడ తన ఆది జాకెట్టు తెచ్చి ఆమె చేతిలో పెట్టింది.

"ఇది నీ దగ్గరే ఉంచు. కార్తీకంలో మా మనవరాలి పెళ్ళి. ఉతకడం మాత్రం వద్దమ్మా."

మిగతావాళ్ళూ తమవి తెచ్చి సంచిలో వేశారు.

ఇంటికొచ్చేసరికి చంద్రయ్య పడుకోబోతున్నాడు. పసుపు కారుతున్న పెళ్ళాన్ని కింద నుంచి పైదాకా చూసి, ఏంది కథ అని అడిగాడు. సారలమ్మ సంచీని మంచం మీద పెట్టింది. ఇంట్లోనే ఉండిపోయిన నేరేడు జాకెట్టు తీసి, చీటీ మీద సారలమ్మ అని రాసి, పిన్ను గుచ్చి, అందులో వేసింది.

చంద్రయ్య సంచిలోకి తొంగి చూశాడు. చాలాసేపు చూశాడు.

"నీ ఆస్తి జర పక్కకు జరుపు," అన్నాడు. "నేను పండుకుంట."