సాంచెల కార్ఖానాలో మూడు కాళ్ల స్టాండు

మొదటి ఫోటో వణికింది. రెండోదీ వణికింది. మూడోది కూడా వణికితే నేను మళ్లీ జిరాక్స్ సెంటర్‌లో కూర్చోవాల్సిందే.

కరీంనగర్‌లో కొత్తగా తెరవబోయే చీరల దుకాణం వాళ్లకు గోడంత ఫోటో ఒకటి కావాలి. నడుస్తున్న సాంచె, దాని ముందు నేసే మనిషి. సాంచె అంటే మరమగ్గం, మా సిరిసిల్లలో అలాగే అంటాం. పోగును మోస్తూ అటూ ఇటూ పరుగెత్తే నాడె పొగలా కనిపించాలట, మనిషి మాత్రం మీసం వెంట్రుకలు లెక్కపెట్టేంత స్పష్టంగా ఉండాలట! అది కుదిరితే ఏడాది పొడుగునా ఆ దుకాణం ఫోటోల పని నాదే. నేసే మనిషి కోసం వెతుక్కోనక్కర్లేదు, మా బాపు ఉన్నాడు. చిక్కంతా అర సెకనుతోనే, నాడె పొగలా రావాలంటే షట్టర్ అంతసేపు తెరిచి ఉండాలి. అంతసేపు కెమెరా కదలకూడదు. మొదటిసారి చేత్తో పట్టుకుని తీశాను. రెండోసారి స్టూలు మీద బియ్యం డబ్బా, దాని మీద కెమెరా. దుకాణం వాళ్లు మర్యాదగానే చెప్పారు, శనివారం సాయంత్రంలోగా మంచిది పంపకపోతే హైదరాబాద్ నుంచి మనిషిని పిలుచుకుంటామని.

ట్రైపాడ్ కొనడానికి బయలుదేరుతుంటే బాపు చొక్కా తొడుక్కున్నాడు.

"నేను గూడ వస్త."

"స్టాండ్ల సంగతి నీకేం తెలుసు బాపూ?"

"ముప్పై ఏండ్ల సంది ఊగేదాని ముంగట నిలవడ్డ. ఊగనిదేదో నాకు తెల్వదా?"

కరీంనగర్‌లో కెమెరా సామాన్ల దుకాణాయన మొదట తీసింది సన్నటి కాళ్లది. "గిది తీస్కో చెల్లె, మస్తు తేలిక. బ్యాగుల పడ్తది. అందరు గిదే కొంటుండ్రు."

బాపు దాన్ని ఎగాదిగా చూశాడు. "నీళ్లున్నయా తమ్మీ?"

పాపం, దాహమేమో అనుకుని ఆయన స్టీలు గ్లాసు నిండా నీళ్లిచ్చాడు. బాపు దాన్ని తీసుకెళ్లి కెమెరా బిగించే పలక మీద పెట్టి, పక్కన నేల మీద కాలితో ఒక్క గుద్దు గుద్దాడు. సగం నీళ్లు నేలపాలు.

"కాకా! దాని మీద కెమెరా పెడ్తరు గని నీళ్లు పెడ్తరా?"

"కెమెరా అయితే కింద పడ్డంక తెలుస్తది. నీళ్లయితే ముందే తెలుస్తది."

నేను సిగ్గుతో చచ్చిపోయాను. ఫోన్ చూసుకుంటున్నట్టు నటించాను. బాపు మాత్రం ఒక్కో స్టాండుకూ నీళ్లు పెట్టాడు, గుద్దాడు, "వద్దు" అన్నాడు. నాలుగోది పై అరలోంచి దిగింది. దుమ్ము కొట్టుకుపోయిన లావుపాటి అల్యూమినియం కాళ్లు, ఒక్కో కాలికి మూడే మడతలు. గ్లాసు పెట్టి గుద్దితే నీళ్లు చిన్నగా అలలాడి ఊరుకున్నాయి. బాపు ముఖం వెలిగింది. అంతటితో ఆగాడా? నడిమి కడ్డీని పైదాకా లేపి మళ్లీ గుద్దాడు. ఈసారి నీళ్లు బిల్లు పుస్తకం మీద పడ్డాయి.

"గీ కడ్డీ లేపద్దు బిడ్డా. కాళ్లే పొడుగు చేస్కో."

ఇదే సలహా ఆ తర్వాత ఇంటర్నెట్‌లో పెద్ద పెద్ద ఫోటోగ్రాఫర్లు చెప్పగా విన్నాను. ఒళ్లు మండింది నాకు.

ఇక పైన బిగించే తల. నాకు గుండ్రటి గుండుది కావాలి, వీడియోల్లో అందరికీ అదే ఉంటుంది. దుకాణాయన దాని మీద నా కెమెరా పెట్టి మర వదులు చేశాడో లేదో, కెమెరా తలకాయ వాల్చేసింది. కెవ్వుమన్నాను! బాపు అరచేయి అడ్డం పెట్టాడు కాబట్టి లెన్సు బతికింది. గుండు తలను నేనే వెనక్కి ఇచ్చేశాను. మూడు పిడుల తల తీసుకున్నాం. ఒక పిడి పైకీ కిందికీ, ఒకటి పక్కలకు, ఒకటి వంపుకు. అట్టపెట్టె పోయిందని ఆయన ధర కూడా తగ్గించాడు, మేం తొందరగా వెళ్తే చాలనుకున్నాడేమో. బస్సులో కిటికీ పక్క సీటు దానికే ఇచ్చాను. కండక్టర్ నవ్వాడు, నేనూ నవ్వాను.

శనివారం పొద్దున్నే బాపు ట్రైపాడ్ పట్టుకుని కార్ఖానాకు వెళ్లిపోయాడు. బ్యాటరీ ఛార్జింగ్ అయ్యేదాకా ఆగి నేను మధ్యాహ్నం వెళ్లాను. నన్ను చూసి బాపు పెళ్లికొడుకు తండ్రిలా ఎదురొచ్చాడు. నా కొత్త ట్రైపాడ్ మూడు కాళ్లనూ ఇనుప పట్టీలు వేసి, బోల్టులతో నేలకు బిగించేశాడు!

"సాంచెను ఎట్ల బిగిస్తమో గట్లనే బిగించిన. ఇగ భూకంపమొచ్చినా కదలది."

భూకంపం ఎక్కడిదో ఎందుకు, కార్ఖానా నేలంతా భూకంపమే! ఎనిమిది సాంచెలు ధనధనలాడుతుంటే ఆ వణుకంతా బోల్టుల్లోంచి నేరుగా కెమెరాలోకి ఎక్కింది. ఫోటోలో బాపుకు నాలుగు ముక్కులు. వేరేవాళ్ల సాంచెలు ఆపమందామా, ఆపితే వాళ్ల కూలీ పోతుంది. ఏడవాలో నవ్వాలో తెలియక నవ్వాను, కళ్లలోంచి నీళ్లొచ్చేదాకా. మూలన నూలు కండెలు చుడుతున్న మా అవ్వ లేచి వచ్చి ఫోటో చూసింది.

"నేలకు తగలనిస్తే వణకదా మరి? ఆ మాత్రం తెల్వదా మీ ఇద్దరికి?"

బాపు చేత బోల్టులు విప్పించి, తెగిన నూలు కుక్కిన మూడు చిన్న గోనెసంచులు తెచ్చి కాళ్ల కింద పెట్టింది. నిండు కండెల సంచీని నడిమి కడ్డీ కొక్కేనికి వేలాడదీసింది. మూడు కాళ్లూ నూలులో దిగబడి నిలిచాయి. నొక్కాను. ఒక్కటే ముక్కు! పొగలాంటి నాడె! మీసం వెంట్రుకలు! అవ్వను పట్టుకుని గిరగిరా తిప్పేశాను.

బాపు తెర మీద ఫోటోను పెద్దది చేసి చూస్తూ చూస్తూ ఆగిపోయాడు. "గీడ పోగు తెగింది."

నిజమే. చీరలో సన్నటి గీత.

"కొనేటోళ్లకు కనవడది బాపూ. పంపిస్త."

"నాకు కనవడ్డది గదా. కెమెరా దిక్కు సూడమంటివి, సూసుకుంట నిలవడ్డ. అందుకే తెగింది తెల్వలే." బాపు గొంతు అలా పడిపోవడం నేనెప్పుడూ వినలేదు. "గోడకు పెడ్తరాయె. వచ్చినోళ్లందరు తప్పు గుడ్డనే సూడాల్నా?"

కిటికీలోంచి ఎండ జారిపోతోంది. నాకు నిజంగానే కోపం వచ్చింది. మంచి ఫోటో చేతిలో పెట్టుకుని పంపకపోవడమేమిటి! అయినా పంపలేకపోయాను. బాపు పోగు ముడి వేశాడు. తప్పున్న గుడ్డంతా కింది చుట్టలోకి పోయేదాకా నేశాడు. పావుగంట పట్టింది. ఇటు చూడమని నేను చేతులూపాను, అరిచాను, ఆ మోతలో వినబడలేదు. బాపు తలెత్తలేదు. చూపంతా పోగుల మీదే. ఎండ చివరి ముక్క ఆయన భుజం మీద ఉండగా నొక్కేసి, అక్కడి నుంచే పంపించాను.

దుకాణం తెరిచిన రోజు ముగ్గురం వెళ్లాం. గోడ నిండా బాపు! వచ్చినవాళ్లు ఫోటోనూ మనిషినీ మార్చి మార్చి చూస్తున్నారు. బాపు ఎవరినీ పట్టించుకోలేదు. గోడకు ముక్కు ఆనించి ఈ అంచు నుంచి ఆ అంచు దాకా పడుగంతా చూసుకుంటూ నడిచాడు. నేనూ వెనకే నడిచాను.

"ఒక్కటి గూడ తెగలే," అని వెనక్కి జరిగి, అప్పుడు చూసుకున్నాడు తన ముఖం. "ఓ బిడ్డా, నెత్తి దువ్వుకొమ్మని జర చెప్పకపోతివి!"