రెక్కల మనిషికి చొక్కా కొలతలు

మొన్న కర్నూలులో ప్యాంటు పొడవు తగ్గించుకుందామని ఒక దర్జీ అంగడికి వెళ్లాను. అతను గుడ్డ మీద నాలుగు నీటిచుక్కలు చిలకరించి ఇస్త్రీపెట్టె ఆనించాడు. చుయ్యిమని ఆవిరి లేచింది. ఆ తడి నూలు వాసన తగలగానే వచ్చిన పని మరిచిపోయాను. "ఏం సార్, అట్ల నిలబడిపోతిరి?" అన్నాడతను. ఏం చెప్పను? ఎర్రగుంట్లలో ఖాజా మామ అని ఒక దర్జీ ఉండేవాడని, ఆయన నాకు నేర్పిందేమిటో ఈ రోజుకీ తేల్చుకోలేక తన్నుకులాడుతున్నానని, ముక్కూమొహం తెలియని మనిషికి ఎట్లా చెప్పేది?

అప్పట్లో నేను ఒక సిమెంటు ఫ్యాక్టరీలో లారీలు తూచే కాటా దగ్గర పనిచేసేవాణ్ణి. పొద్దస్తమానం దుమ్ము, హారన్లు, బరువులు. ఖాజా మామ మేనల్లుడు బెంగుళూరు నుంచి వస్తూ ఒక లావుపాటి ఆట పుస్తకమూ ఇరవై ముఖాల పాచికలూ తెచ్చి, ఆయన దగ్గర వదిలిపోయాడు. ఆ ఆటకు గడులు లేవు, గెలుపోటములు లేవు. ఒక్కొక్కరం ఒక మనిషిని ఊహించుకుని, ఆ మనిషి నోటితో మాట్లాడాలి. ఇంకొకరు కథ నడపాలి. అవుతుందా కాదా అన్న చోట పాచిక తేలుస్తుంది. మామ నిఘంటువు పక్కన పెట్టుకుని ఆ పుస్తకాన్ని మూడు నెలలు చదివాడు. శుక్రవారం నమాజు అయ్యాక అంగడి షట్టరు సగం దించి, గుడ్డలు కత్తిరించే బల్ల చుట్టూ మమ్మల్ని కూర్చోబెట్టి కథ నడిపేవాడు. నేనూ, లారీ డ్రైవరు మద్దిలేటీ, తర్వాత వచ్చి చేరిన సైన్సు టీచరు పద్మజా, అంతే. తక్కిన ఆరు రోజులూ నేనెవరో ఎవరికీ అక్కరలేదు. ఆ ఒక్క పూట నా మాట కోసం ముగ్గురు ఎదురుచూసేవాళ్లు. ఆ బల్ల దగ్గర చోటు పోతే ఆ ఊళ్లో నాకంటూ ఇంకేమీ లేదు.

మామకు ఒక పట్టుదల ఉండేది. మేం ఊహించిన ప్రతి మనిషికీ ఆయన కొలతలు రాయాలి. నిజం ఖాతాదారుల నడుము, భుజం కొలతలున్న పుస్తకంలోనే వీళ్లవీ ఎక్కించేవాడు. "కొలతల్లేని మనిషి నా కథలోకి రాడప్పా. వాకిట్లో దూరాల, పడితే నొప్పి తెలియాల" అనేవాడు. నేనేమో రెక్కల మనిషిని కోరుకున్నాను.

"రెక్కల మనిషా? శానా బాగుండాది. చొక్కా ఎట్ల తొడుగుతాడు?"

"మాయలోకం కదా మామా, ఎట్లో తొడుగుతాడు."

"మాయలోకమైతే వానికి వీపు ల్యాదా?" అంటూ నన్ను లేపి నిలబెట్టి, నా భుజాల వెనక టేపు ఆనించాడు. పాత పేపరు పరిచి చొక్కా ఆకారం కత్తిరించాడు. వీపు తెరిచి, రెక్కల సందులు వదిలి, కింద ముడివేసే బొందులు గీశాడు. చాలాసేపు దానివైపే చూసి, "ఈ బొందులు వాని చేతికి అందవు. పొద్దున లేస్తానే ఎవురో ఒకరు కట్టాల" అన్నాడు. మద్దిలేటి పకపకా నవ్వాడు. "వీరుడంటివే ఓబులేసూ! వీనికి చొక్కా తొడగను ఇంకొక మనిషి కావాల్నా?" నాకు తల కొట్టేసినట్టయింది.

అంతటితో వదిలాడా! "మీ కాటా మీద నిలబెడితే ఎంత తూగుతాడు? అంత బరువు లేవాలంటే రెక్క ఎంత పొడుగుండాల? అంత రెక్కతో ఇంట్లోకి ఎట్ల వస్తాడు?" వానలో తడిస్తే రెండు రోజులు ఎగరకూడదన్నాడు. బోర్లా పడుకోవాలన్నాడు. నెలల తరబడి నా వాడు రెక్కలు మోసుకుంటూ నడిచాడే గానీ, ఎగిరింది తక్కువ. నాకు ఒళ్లు మండేది. అయితే వింతేమిటంటే, కథలో ఒక ముసలామె విసుక్కుంటూ వాని బొందులు ముడివేసిన రోజున నాకు ఏడుపొచ్చింది. లేని మనిషి వీపు మీద లేని మనిషి చెయ్యి పడితే నాకెందుకు ఏడుపు? మామ నా ఆటను పాడు చేస్తున్నాడో, నాకు ఏదైనా ఇస్తున్నాడో అర్థమయ్యేది కాదు.

అట్లా ఉండగా పద్మజ టీచరు వచ్చింది. ఆమె కూడా తనకు రెక్కల అమ్మాయే కావాలంది. ఇంక చూడు తమాషా, టేపు వస్తుంది, పేపరు వస్తుంది అని నేను చేతులు కట్టుకుని కూర్చున్నాను. మామ తలెత్తకుండా, "సరేనమ్మా, ఎగురు" అన్నాడు. అంతే! ఆ వేళ కథలో నా వాడు లోయ మధ్యలో ఒక బండ మీద చిక్కుకుని ఉన్నాడు. ఒక రెక్కకు దెబ్బ. వెనక తరిమేవాళ్లు. దూకి అవతలి గట్టు అందుకుంటాడో లేదోనని మామ పెన్సిలుతో బరువు లెక్క వేస్తున్నాడు. ఈలోగా టీచరమ్మ పిల్ల నా నెత్తి మీదుగా హాయిగా ఎగిరి గట్టు దాటింది.

"నాకొక న్యాయం, ఆమెకొక న్యాయమా మామా?"

"అది వేరేలే ఓబులేసూ."

"ఏం వేరే?"

ఆయన టీచరు వైపు ఒకసారి చూసి, పెన్సిలు చెవి వెనక పెట్టుకున్నాడు. నేను పాచిక బల్ల మీదికి విసిరికొట్టి బయటికి వచ్చేశాను. వాళ్లే పిలుస్తారులే అని నేను, వాడే వస్తాడులే అని వాళ్లు. ఏడాది గడిచింది. ఆ అంగడి ముందు నడవాల్సి వస్తుందని చుట్టుదారిన పోయేవాణ్ణి. శుక్రవారం సాయంత్రాలు గదిలో గోడ చూస్తూ కూర్చునేవాణ్ణి. నా అంత మొండివాడు ఇంకొకడు ఉండడు.

ఒకరోజు మద్దిలేటి కాటా దగ్గర లారీ ఆపి, "మామకు బాగాల్యా. కడప ఆసుపత్రిలో ఉండాడు" అన్నాడు. సెలవు పెట్టి పరుగెత్తాను. మంచం మీద ఆయన సగమై ఉన్నాడు. ఎట్లున్నావని అడగాలని వెళ్లినవాణ్ణి, నోట్లోంచి వచ్చిందేమిటి? "ఆ రోజు టీచరమ్మను కొలతలు ఎందుకు అడగలేదు మామా?"

ముందు ఆయనకు అర్థం కాలేదు. అర్థమయ్యాక దగ్గు వచ్చేదాకా నవ్వాడు. "నలభై ఏండ్లుగా కుడతాండా. ఒక్క ఆడమనిషి మీదన్నా టేపు పెట్టినానా? సరిపోయిన పాత రవిక ఆదికి తెస్తారు, దాన్ని సూసి కుడతా. రెక్కలుండే ఆడమనిషికి ఆది రవిక యాడ తెచ్చేదప్పా? అడగను నోరు రాల్యా. పో తల్లీ, ఎగురుకో అంటి."

"ఆ మాట అప్పుడే చెప్పకూడదా?"

"ఆయమ్మ ముందర ఎట్ల చెప్పేది? మర్నాడు వస్తావు, చెబుదామనుకుంటి. నువ్వు రాకపోతివి." నా మొహంలోకి చూశాడు. "ఆ మాటకా, నువ్వు ఏడాది రానిది?"

భూమి చీలి నన్ను మింగేస్తే బాగుండుననిపించింది. మాట మార్చి, ఆట ఎంతవరకు వచ్చిందని అడిగాను.

"యాడ ఆట? నీవోడు ఆ బండ మీదే ఉండాడు. మొదలుపెడదామని మద్దిలేటి శానా గోల జేసినాడు. నేనొప్పుకోల్యా. నువ్వు లేకుండా వాణ్ణి దూకించను నేనెవురు?" ఊపిరి తీసుకున్నాడు. "నా లెక్క ప్రకారమైతే గట్టు అందుకోల్యాడు. ఐనా రెక్కల మనుషుల్ని నేనేమన్నా సూసినానా? నువ్వు చెప్పు. దూకుతాడా?"

"శుక్రవారం వస్తా మామా, అప్పుడు చెప్తా" అన్నాను. బుధవారమే ఆయన పోయాడు.

ఇప్పుడు కర్నూలులో ఆదివారాలు నేనే కథ నడుపుతున్నాను. ఎవరైనా రెక్కలు కావాలంటే ఒకరోజు చొక్కా సంగతి అడుగుతాను, ఇంకొక రోజు ఏమీ అడగకుండా ఎగరమంటాను. ఏది సరైందో ఇంకా తెలియదు. అలిగి ఎవరైనా లేచిపోతే మాత్రం చెప్పులు కూడా వేసుకోకుండా వీధిలోకి పరుగెత్తి, చెయ్యి పట్టుకుని, కోపమెందుకో చెప్పి పొమ్మంటాను. ఇక నా వాడి సంగతంటారా, కొన్ని రోజులు దూకుతాడనుకుంటాను, కొన్ని రోజులు దూకడనుకుంటాను. ఒకవేళ తేల్చుకున్నా, ఆ మాట విని పాచిక వేయించే మనిషి లేడు.