బియ్యం డబ్బాలో అంజీరలు

బోధన్‌లో బస్సెక్కి కూర్చోగానే పక్క సీటాయన సంచి విప్పి, అడగకుండానే నా చేతిలో ఒక అంజీరకాయ పెట్టాడు. పండలేదు. పచ్చగానే వాడి ముడతలు పడింది.

"మా ఇంటెనుక చెట్టుదక్కా. ఒక్క పిట్టను రానియ్య. మా ఇంటామె పాత చీరలన్ని దానికే చుట్టిన," అన్నాడు, కోటను కాపాడినవాడిలా.

చిలుకలకు భయపడి కాయలన్నీ పచ్చిగానే తెంపి, సీతాఫలాల్లా బియ్యం డబ్బాలో మాగేస్తాడట. ఏటా ఇంతేనట. ఇప్పుడు సంచి నిండా చుట్టాలకు పంచడానికి తీసుకుపోతున్నాడు. ఆ చుట్టాల మీద జాలేసింది.

మా పెరట్లోనూ అంజీర ఉంది. ఇలాంటి పిసినారులను చూస్తే నాకు ఒళ్లు మంట.

"తెంపినంక అంజీర పండదన్నా. చెట్టుమీదనే మెత్తగ కావాలె. ఇయ్యి బర్రెకేసినా ముట్టది," అన్నాను.

"చెట్టుమీద ఉంచితే పిట్టలు తినయా?"

"తింటయి. మిగిలినయి మనం తింటం."

"నా చెట్టుకాయ పిట్టలెందుకు తినాలె?"

కాయను అతని సంచిలోనే పడేసి కిటికీ వైపు తిరిగాను. నిజామాబాద్ వచ్చింది. దిగబోతూ అతను నా వైపు వంగి, గొంతు తగ్గించి అడిగాడు.

"అక్కా, పండినంక ఎట్లుంటది?"

"తియ్యగ..." అని మొదలుపెట్టాను. బెల్లం కూడా తియ్యగానే ఉంటుంది కదా అని ఇంకో మాట వెతుకుతుండగానే అతను దిగిపోయాడు.

ఇప్పటికీ మా చెట్టు పండు నోట్లో వేసుకున్నప్పుడల్లా, ఆ మూర్ఖుడికి ఏమని చెప్పాల్సిందో వెతుక్కుంటూ నమలడం మరచిపోతాను.