బువ్వ దిగే తొవ్వ

"మేడం పోయిందక్కా, పొద్దుగాలనే," అని పినపాక నుంచి మా చెల్లె ఫోన్ చేసింది. ఖమ్మంలో నేను పాఠాలు చెప్పే కాలేజీ మెట్లెక్కుతూ ఆగిపోయాను. నాకు జీవశాస్త్రం నేర్పిన టీచర్ ఆమె.

మాది అడవి అంచు ఊరు. మీకు తెలియకపోవచ్చు, పోడు కోసం పెద్ద చెట్టును చంపాలంటే మావాళ్లు నరకరు. మొదలు చుట్టూ బెరడు ఒలిచి వదిలేస్తారు. అది ఎండుతుందని మాకు తెలుసు, ఎందుకో తెలియదు. కణజాలాల పాఠం రాగానే మేడం మమ్మల్ని అలాంటి చెట్టు దగ్గరికే తీసుకుపోయింది.

"లోపలి కట్టె చూడుండ్రి. ఇది దారువు. వేరు తాగిన నీళ్లు దీంట్లకెల్లి పైకి పోతయ్. ఒలిచిన బెరడుల ఉన్నది పోషక కణజాలం. ఆకు వండిన బువ్వ దాంట్లకెల్లి కిందికి దిగుతది. గా తొవ్వ బంద్ చేసిన్రు. ఇగ వేర్లకు బువ్వేది?"

"మరి ఆకులు పచ్చగనే ఉన్నయ్ గద మేడం?" అన్నాను.

"నీళ్లు అందుతున్నయ్ గదా. పచ్చగ ఉన్నదని మోసపోవద్దు బిడ్డా. లోపల ఆకలైతున్నది."

ఆమెకు అన్నీ తిండిలాగే కనిపించేవి. కొమ్మల కొసల్లో పెరిగే విభాజ్య కణజాలం "ఎదిగే పిల్లలు, వాళ్లకు ముందు పెట్టాలె." దుంపలో పిండి దాచే మృదు కణజాలం "అమ్మమ్మ ఉట్టి." మధ్యాహ్నం మా సద్ది గిన్నెలన్నీ తిరిగి తలా ఒక ముద్ద తినేది. పచ్చిపులుసు తెచ్చినవాళ్ల దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగేది. తిండిపోతు మేడమని చాటుగా నవ్వుకునేవాళ్లం.

అలాంటి మనిషికి అన్నవాహికలో క్యాన్సర్ వచ్చింది. దేవుడికి కళ్లు లేవని ఊరికే అనరు. నాకైతే ఇప్పటికీ కోపమే. ఫోన్లో మాత్రం ఆమె గొంతు గలగలలాడేది. "నీళ్లు దిగుతున్నయ్ బిడ్డా, బువ్వే దిగుతలేదు," అని నవ్వేది. ఆ నవ్వు వింటే ఏమీ కాదులే అనిపించేది.

పోయిన నెల చూడటానికి వెళ్లాను. మంచంలో సగం మనిషే మిగిలింది. వాళ్లక్క నాకు పప్పన్నం కలిపి, వంటింట్లో తినమని సైగ చేసింది. మేడం చూసేసింది.

"ఆడికెందుకు? ఈడనే తిను. నేను చూస్త."

వద్దనలేకపోయాను. ముద్ద నోట్లో పెట్టుకోవడం అంత కష్టమని ఆ రోజే తెలిసింది.

"జల్దీ జల్దీ తినకు. మంచిగ నములు," అంది.

తల వంచుకుని తిన్నాను. ఒకసారి కళ్లెత్తితే ఆమె నా నోటివైపే చూస్తోంది. నేను మింగినప్పుడల్లా ఆమె గొంతు కదులుతోంది.