ఒక పక్కే విన్న ప్లేటు

ఎమర్జెన్సీ ఎత్తేసిన మరుసటి ఏడు, వానలు మొదలుకాక ముందు, మా అన్న వాయించిన గ్రామఫోను ప్లేటు పోస్టులో ఆదోనికి వచ్చింది. రెండు అట్టల మధ్య పెట్టి, పాత పంచె చుట్టి, పైన గోనెగుడ్డ వేసి కుట్టి పంపాడు. ఆ కుట్లు చూసి అమ్మ, "వీనికి సూది పట్టేది ఎవరు నేర్పినారో, బస్తా కుట్టినట్ల కుట్టినాడు" అంది. నేను బ్లేడుతో ఒక్కొక్క కుట్టూ తెంపాను.

లోపల నాకొక ఉత్తరం ఉంది. "పాపా, ఇది మేము నలుగురం చేసిన మొదటి ప్లేటు. ఇందులో పాట కోసం వెతకొద్దు. మొదటి పక్కంతా ఒకటే వాయిద్యం, ఇరవై నిమిషాలు, మాటే లేదు. రెండో పక్క చివర మాత్రం ఒక పాట పెట్టినాము. నాయనకు వినిపించు. ఒట్టి వాయిద్యమని తప్ప ముందుగా ఏమీ చెప్పొద్దు. విని ఆయన ఏమంటే అది, ఒక్క మాట మార్చకుండా రాయి. నేను ఈ పని చేసేదీ మానేదీ ఆ మాటను బట్టే."

మా నాయన గుడిలో పాడేవాడు. పూజ వేరేవాళ్ళది. తెల్లవారుజామున మేలుకొలుపు పాడడం, సాయంత్రం దీపారాధన వేళ కన్నడ దాసుల పదాలు పాడడం ఆయన సేవ. మేలుకొలుపుకు వరస తానే కట్టుకున్నాడు. చాలా నిదానంగా సాగేది. ఒక మాటకూ ఇంకో మాటకూ నడుమ తలుపు తీసి బయట చూసి వచ్చేంత ఎడం ఉండేది. అన్న పద్నాలుగేళ్ళ దాకా ఆయన పక్కన కూర్చుని అదే పాడాడు. తర్వాత చదువుకని బెంగుళూరు పోయి, అక్కడ గిటారు పట్టుకున్నాడు. నాయన కోప్పడలేదు. "దేవుడు వానికి చేతులిచ్చినాడు, నాకు గొంతిచ్చినాడు" అన్నాడు. అయితే అన్న వాయించేది ఆయన ఎన్నడూ వినలేదు. ఆ గిటారు కరెంటుతో పలికేది. దాన్ని బస్సులో వేసుకుని రావడం కుదిరేది కాదు.

నేను బడికి పోలేదు. చిన్నప్పుడు కాలికి జబ్బు చేసి మంచంలోనే ఉండిపోతే, నాయన పలక తెచ్చి పక్కన కూర్చుని తెలుగూ కన్నడమూ నేర్పించాడు. నడక వచ్చాక కూడా ఇంట్లోనే చదువు సాగింది. ఈ నాలుగు అక్షరాలు ఆయన పెట్టిన భిక్ష. ఆయనకు చూపు మందగించాక ఇంటి ఉత్తరాలన్నీ నా చేతి మీదే పోయేవి. ఆయన పెట్టిన నియమం ఒకటే: చెప్పినవారి మాట చెప్పినట్టే రాయాలి, మన మాట అందులో కలపకూడదు.

మా ఇంట్లో ప్లేట్లు వేసే పెట్టె లేదు. బజారులో మైకుసెట్టు అంగడి ఉండేది. పెళ్ళిళ్ళకూ జాతరలకూ వాళ్ళే హారన్లు కట్టేవాళ్ళు. ఒక మధ్యాహ్నం నాయనను చెయ్యి పట్టుకుని తీసుకుపోయాను. అంగడి నడిపే కొడుకులిద్దరూ పెద్దకడుబూరు పక్కన ఏదో పెళ్ళికి పోయారు. అంగడిలో వాళ్ళ నాయన, ముసలి సాయిబు, ఒక్కడే ఉన్నాడు. నాయనను చూసి లేచి, కుర్చీ తుడిచి వేశాడు.

"రా స్వామీ, ఈ ఎండలో వచ్చినావే. కబురు పెడితే మావాళ్ళే ఇంటికి తెచ్చి వేస్తుండిరి."

"నా కొడుకు ప్లేటు తాతా. నీ పెట్టెలో వింటే సాలు."

"మీ అబ్బాయా? వానిదీ నీ గొంతేనా?"

"గొంతే లేదంట దాంట్లో" అన్నాడు నాయన. ఇద్దరూ నవ్వారు.

ఆ అంగడిలో ఒక పద్ధతి ఉండేది. ఎవరు ఏం వేయమన్నా ముందు దేవుడి ప్లేటు ఒకటి వేసేవాళ్ళు. హిందువులు వస్తే హిందువుల దేవుడిది, తమవాళ్ళు వస్తే తమది. "ఇది పలకందే నా పెట్టె మేలుకోదు స్వామీ" అంటూ తాత ఒక పాత నల్లప్లేటు తీశాడు. మందంగా, కిందపడితే పెంకులా పగిలే రకం. ముల్లు పెట్టాడు. నాయన చేతులు జోడించి విన్నాడు. నేనూ కళ్ళు మూసుకుని, అన్నకు మంచి జరగాలని మొక్కుకున్నాను. అది అయిపోగానే తాత దాన్ని తీసి, అదే పళ్ళెం మీద అన్న ప్లేటు పెట్టాడు.

విన్నది ఎలా చెప్పాలో ఇప్పటికీ తెలియదు. ధాన్యం ఆరబోసిన చోట పిచ్చుకల గుంపు ఒక్కసారి లేచినట్టు ఉంది. డప్పు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతున్నదో అందడం లేదు. సన్నగా, గీరినట్టుగా ఏదో పరుగెత్తుతున్నది. నాయన ముందుకు వంగి, తల ఒక పక్కకు వంచి, చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని విన్నాడు. ఆయన వేళ్ళు మోకాలి మీద తాళం వెతికాయి. కొంతసేపటికి వెతకడం మానేశాయి. తాత నా వైపు చూసి మెల్లగా, "బెంగుళూరు వాళ్ళు ఇట్లనే వింటారేమో బేటీ" అన్నాడు.

మొదటి పక్క అయిపోయింది. గోడ గడియారం చూశాను. పది నిమిషాలు కూడా కాలేదు. అన్న ఇరవై అని రాశాడు కదా అనుకున్నాను. అంగడి గడియారం నడవడం లేదేమోనని కూడా అనుకున్నాను.

"తిప్పి వేయాల్నా స్వామీ?" అని తాత అడిగాడు.

నాయన కండువాతో చెమట తుడుచుకున్నాడు. ఆయన ముఖం వాడిపోయి ఉంది. ఎండలో నడిచి వచ్చాడు, దీపారాధనకు ముందు స్నానం చేయాలి. "సాల్లే తాతా, ఇంకోసారి వస్తాం" అన్నది నేనే.

ఇంకోసారి పోలేదు. ఆ రోజు నాయన ఇంటికి వచ్చి అరుగు మీద కూర్చున్నాక, "రాయమ్మా" అన్నాడు. కార్డు తెచ్చుకున్నాను.

"విన్నాను. చేతులు శానా ఉరుకుతాండాయి. ఊపిరి తీసుకునే తావు యాడా లేదు. నాకు అందలేదు నాయనా. దేవుడు సల్లగా చూడనీ."

రాస్తూ ఒక్కచోట ఆగాను. 'నాకు అందలేదు' అన్నదానికి ముందు 'బాగుంది గాని' అని చేర్చాలని నా చెయ్యి పోయింది. నియమం గుర్తొచ్చింది. అన్న కూడా అదే కోరాడు కదా. ఉన్నది ఉన్నట్టు రాసి పోస్టు డబ్బాలో వేశాను.

మూడు నెలలు అన్న దగ్గరి నుంచి ఏమీ రాలేదు. తర్వాత వచ్చిన కార్డులో ఒక ఫ్యాక్టరీలో చేరానని, తన చోట మిగతా ముగ్గురూ ఇంకొకరిని పెట్టుకున్నారని రాశాడు. ప్లేటు ఊసు లేదు. పండగలకు వచ్చేవాడు, గుడికి పోయేవాడు, నాయన పాడుతుంటే వెనక స్తంభం దగ్గర కూర్చునేవాడు. పాడమంటే గొంతు బాగాలేదనేవాడు. నేను ఒకసారి అడగబోతే, "అది అయిపోయిన పనిలే పాపా" అన్నాడు.

నాకు ఎమ్మిగనూరులో పెళ్ళయింది. మా ఆయన మగ్గం బట్టల అంగడిలో పని చేసేవారు. వీధి పొడుగునా పగలంతా మగ్గాల చప్పుడు. ఇద్దరు పిల్లలు పుట్టాక నాయన వెళ్ళిపోయాడు. మేలుకొలుపు పాడి వచ్చి, అరుగు మీద పడుకుని, లేవలేదు. అంత సులువైన దారి ఇచ్చినందుకు దేవుడికి దండం పెట్టుకున్నాను. సామాన్లు సర్దుతుంటే ఆయన తంబూర గుడ్డసంచిలో, అట్టల మధ్య, ఆ ప్లేటు కనబడింది. పారేయలేదు. నేను తెచ్చుకున్నాను.

మా పక్కింట్లో హైస్కూలు సైన్సు అయ్యవారు ఉండేవారు. వాళ్ళింట్లో ప్లేట్లు వేసే పెట్టె ఉందని తెలిసి, నాయన ఏడాది దినాలు అయిన తర్వాత ఒక ఆదివారం దాన్ని తీసుకుపోయాను. రెండో పక్క ఒక్కసారైనా వినాలని నా కోరిక. అయ్యవారు ప్లేటును అటూ ఇటూ తిప్పి, నడిమి కాగితం చదివి, ఒక మీట జరిపారు.

"ముందు ఏ పక్క వేయమంటావమ్మా?"

"మొదటిదే వేయండి సార్."

మొదలైంది. నేను ఇది వేరే ప్లేటనుకున్నాను. ఒక్క తీగ పలికి, చాలాసేపు మోగి, ఆగింది. మళ్ళీ ఒకటి. డప్పు దూరంగా, ఎద్దుల బండి వస్తున్నంత నిదానంగా వచ్చింది. నాలుగో తీగ పలికే సరికి నేను లేచి నిలబడ్డాను. అది నాయన మేలుకొలుపు. మాటల నడుమ ఆయన వదిలే ఎడాలతో సహా అదే. అన్న ఆ ఎడాలను పూడ్చలేదు. వాటి చుట్టూ మిగతా వాయిద్యాలు చేరి, మళ్ళీ తప్పుకుని దారి ఇచ్చాయి.

"సార్, మా ఊర్లో ఇది ఇట్ల పలకలేదు" అన్నాను. "పిచ్చుకలు అరిచినట్ల అరిచింది."

ఆయన ఒక నిమిషం ఆలోచించి మీటను ఇంకో వైపు జరిపారు. "ఇట్లనా?"

అవే పిచ్చుకలు.

"ఇది డెబ్భై ఎనిమిది వేగమమ్మా. పాతకాలపు మందం ప్లేట్లకు. మీది ముప్పై మూడుది. ఈడ అచ్చేసినారు చూడు."

ఆ అంకె నేను పార్సిలు విప్పిన రోజే చూశాను. చుట్టూ ఇంగ్లీషు, నడుమ ముప్పై మూడు. ఎన్నో ప్లేటో వేసుకున్న నంబరనుకున్నాను.

"మనిషి గొంతు ఉండింటే మీకు అప్పుడే తెలిసిపోయేది" అన్నారు అయ్యవారు. "చిన్నపిల్ల కీచుమన్నట్ల వస్తుంది. ఒట్టి వాయిద్యం కాబట్టి పట్టుకోలేకపోయినారు. పాపం, ఎవరైనా అంతే."

ప్లేటు తిప్పి వేశారు. రెండో పక్క చివర పాట వచ్చింది. అన్న గొంతే. ఆ రోజు తాత తిప్పి వేయాల్నా అని అడిగినప్పుడు నేను సరే అని ఉంటే, ఆ గొంతు కీచుమని ఉండేది. ముగ్గురం నవ్వుకుని, తప్పు ఎక్కడుందో వెతికి ఉండేవాళ్ళం. తాతను నేను ఏనాడూ తప్పు పట్టలేదు. ఆయన నాయనను గౌరవించి దేవుడి ప్లేటు వేశాడు, తర్వాత మీట జరపడం ఆయనకు తోచలేదు. చాలు అన్నది నేను.

అన్నకు ఉత్తరం రాయలేకపోయాను. ఈ సంగతి కార్డు మీద పట్టదు. మరుసటి నెల అన్నా వదినా మంత్రాలయం పోతూ దారిలో మా ఇంట్లో దిగారు. వదిన పిల్లలకు జడలు వేస్తుంటే, అన్నను వసారాలోకి పిలిచి, దేవుడి ప్లేటు మొదలుకుని మీట దాకా అంతా చెప్పాను. అన్న నేల చూస్తూ విన్నాడు.

"అంటే నాయనకు తెలీనే లేదా?" అన్నాడు చివరికి.

"తెలీదన్నా. ఆయన విన్నది నీది కాదు."

"గుర్తుపట్టినాడనుకున్నా పాపా. తన వరసేనని పట్టుకుని కూడా ఊపిరి తీసుకునే తావు లేదన్నాడని. ఆయన అన్నాడంటే నిజమే అయ్యుంటాది, నాకే రాలేదని సర్దుకున్నా. ఇన్నేండ్లు ఆ మాట మీదనే నిలబడుకోనున్నా."

నిజం చెబితే అన్న మనసు తేలికపడుతుందని నేను అనుకున్నాను. అన్న ముఖం చూస్తే, తను ఇన్నేళ్ళూ ఆనుకున్న గోడను నేనే లాగేసినట్టు ఉంది.

"అయ్యవారి ఇంట్లో పెట్టె ఉంది. విందువు రా అన్నా."

"వద్దులే." చేతులు రెండూ తిప్పి చూసుకున్నాడు. వేళ్ళ చివర కాయలు ఎప్పుడో పోయాయి. "మిగతావాళ్ళు ఇప్పుడు యాడుండారో కూడా తెలీదు నాకు."

అప్పుడు, ఇంతవరకు ఎవరికీ చెప్పని మాట చెప్పాను. అన్న ఫ్యాక్టరీలో చేరిన తర్వాత ఒక చలికాలం, గుడి నుంచి వస్తూ నాయన నన్ను అడిగాడు: "వాని రెండో ప్లేటు ఎప్పుడొస్తాదంట?" అన్న కార్డు వచ్చినప్పుడు ఫ్యాక్టరీ మాట చదివి వినిపించాను గాని, వాయించడం మానేశాడని ఆయనకు చెప్పడానికి నాకు నోరు రాలేదు. వస్తుందిలే నాయనా అన్నాను. ఉత్తరం రాయమని ఆయన చెప్పలేదు కాబట్టి నేను రాయలేదు.

"ఒక్కసారే అడిగినాడా?"

"లేదు. నా పెండ్లయినాక కూడా, ఆదోనికి పోయినప్పుడంతా అడుగుతాండె. ఈసారి నాకు అందుతాదేమో చూద్దామంటాండె."

వదిన గడపలోకి వచ్చి, "బస్సుకు టైమైతాంది, లేయండి" అంది. అన్న మంచినీళ్ళు అడిగాడు. చెంబుతో ఇస్తే గటగటా తాగి, తానే కడిగి, గట్టు మీద బోర్లించి, మళ్ళీ వచ్చి అక్కడే కూర్చున్నాడు. వదిన నా వైపు చూసింది. నేను, ఇప్పుడు లేపొద్దన్నట్టు తల ఊపాను. ఆ బస్సు పోయింది. మధ్యాహ్నం బస్సు కూడా పోయింది.