ఎక్కని సైకిలుకి సన్మానం

పానకాలుకి నడవడమంటే ఒళ్ళుమంట. ఈ ముక్క ముందే చెప్పేస్తున్నాను. ఎందుకంటే మంగళగిరిలో ఇప్పటికీ కొందరు పెద్దమనుషులు వాడి పేరెత్తితే చాలు, "ఆహా, నడకంటే ప్రాణం పెట్టేవాడండీ" అంటారు. ప్రాణమా, నా మొహమా! ముప్పై ఏళ్ళు భుజాన చీరల మూటేసుకుని నిడమర్రు, కురగల్లు, నీరుకొండ తిరిగాడంటే సరదాకి తిరిగాడా? ఇంట్లో నాంచారమ్మ మగ్గం మీద నేసిన చీర ఎవరో ఒకరు మోసుకెళ్ళి అమ్మితేగాని కుండలోకి బియ్యం రావు. అందుకని తిరిగాడు.

నేను ఇమాం హుస్సేన్ని, దర్జీని. వాడు చీర అమ్మిన ఇంటికే నేను రవిక కుట్టేవాణ్ణి. మా స్నేహం అట్లా కుదిరింది.

పందొమ్మిదివందల అరవైలో వానలు పడ్డాక వాడి కుడి మోకాలు బూరెలా పొంగింది. డాక్టరు జక్రయ్యగారు చూసి, ఇట్లాగే నడిస్తే ఏడాదిలో మంచాన పడతావన్నారు. వాడు మంచాన పడితే నాంచారమ్మ మగ్గం కూడా మూలపడుతుంది. ఆ మనిషి ఏడుస్తూ కూర్చోలేదు. ఇంటిపని చూసుకుంటూనే రెండు జరీ చీరలు అదనంగా నేసింది. వాటిని గుంటూరులో ఒకాయనకిచ్చి, ఆయన కొడుకు వాడి వదిలేసిన పాత సైకిలు తెచ్చుకున్నారు. సైకిలెక్కితే వాడు ఇంకో పదేళ్ళు ఊళ్ళు తిరగ్గలడు. ఎక్కకపోతే ఆ ఏడాదితో సరి.

ఇక మా సంఘం సంగతి. పానకాలుని నడవొద్దన్న ఆ డాక్టరుగారే, అంతకు ముందు ఏడాది ఊళ్ళో చక్కెర జబ్బున్న పెద్దలందర్నీ నడవమన్నారు. అట్లా పుట్టింది ప్రాతఃకాల పాదచారుల సంఘం. రిటైర్డు తాసీల్దారు భావనారాయణగారు అధ్యక్షులు. డాక్టరుగారితో కలిపి సభ్యులు పదకొండు మంది. అందరికీ ఖాకీ నిక్కర్లు కుట్టిపెట్టినందుకు నన్ను కార్యదర్శిని చేశారు. రోజూ పొద్దున్నే రైలుగేటు దాకా నడిచేవాళ్ళం. అక్కడ హోటల్లో పెసరట్లు తినేవాళ్ళం. ఆపైన వాళ్ళంతా రిక్షాలెక్కి ఇళ్ళకు పోయేవాళ్ళు. నడక వేళ సభ్యులెవరూ చక్రమున్న వాహనం ఎక్కరాదని నియమం రాసింది నేనే. తిరుగు ప్రయాణం నడక కిందికి రాదని తాసీల్దారుగారు తీర్పిచ్చారు. ఆయన తీర్పులట్లాగే ఉండేవి.

రోజూ గేటు దగ్గర పానకాలు మూటతో ఎదురయ్యేవాడు. తాసీల్దారుగారు చేతికర్రతో చూపించి, "చూడండయ్యా, ఆ పిక్కలు చూడండి! అదీ ఆరోగ్యమంటే!" అనేవారు. పదకొండు మందీ ఆగి వాడి పిక్కలు చూసేవాళ్ళు. వాడు సిగ్గుతో చచ్చిపోయి పంచె కిందికి లాక్కునేవాడు. సంఘం పెట్టి ఏడాదవుతోంది కదా, వార్షికోత్సవానికి కురగల్లు దాకా నడిచి, అక్కడ భోజనాలు చేసి, పానకాలుకి సన్మానం చేద్దామని తీర్మానించారు.

పానకాలు నా కొట్టుకి పరిగెత్తుకొచ్చాడు. పరిగెత్తలేడు పాపం, కుంటుకుంటూ వచ్చాడు.

"ఒరేయ్ ఇమాం, ఈ సన్మానం ఎట్లాగైనా తప్పించరా. వాళ్ళు ఇవాళ దండేసి, రేపు నేను సైకిలెక్కితే ఊరుకుంటారా? వాళ్ళ ఇళ్ళల్లో ఆడవాళ్ళేగా నా దగ్గర చీరలు కొనేది!"

"ఒక్క పూటేగా! దండేయించుకో, పులిహోర తిను, ఇంటికిపో" అన్నాను. బుద్ధిలేని మాట. అప్పటికి నెల్లాళ్ళుగా సంత దిబ్బ వెనక వాడికి సైకిలు నేర్పుతున్నది నేనే మరి! ఎత్తుగా ఉన్న దేనిమీదన్నా నిలబడి ఎక్కితే బాగానే తొక్కేవాడు. నేల మీంచి ఎక్కడం మాత్రం వాడి వల్ల కాలేదు. మోకాలు వంగితేగా!

నవంబరు నెల, ఆదివారం. రెండు రోజులు వాన కురిసి వెలిసింది. పానకాలు సైకిలు తోసుకుంటూ వచ్చాడు, క్యారేజీ మీద మూట. మోకాలి నొప్పితో మూట మోయలేకపోతున్నాడు, భోజనాలయ్యాక కురగల్లులో నాలుగు చీరలు అమ్ముకుందామని తెచ్చాడు. తాసీల్దారుగారు సైకిలు వంక పామును చూసినట్టు చూశారు.

"ఎక్కడులెండి, తోస్తాడంతే" అన్నాను.

"కంకర రోడ్డున పోదామండయ్యా, చేలల్లో అడుగు పడదు" అన్నాడు పానకాలు.

"రోడ్డు మీద నడవడానికి మనం బస్సులమా? చేలకడ్డంగా పోదాం. ప్రకృతి చూద్దాం!" అన్నారు తాసీల్దారుగారు.

మా వైపు నల్లరేగడి తడిసిందంటే పశువులు కూడా దిగవు. ఆయన ముప్పై ఏళ్ళు ఆ భూములకి శిస్తు వసూలు చేశారు. భూమిని మాత్రం కాగితం మీదే చూశారు. పది అడుగులు వేసేసరికి అందరం అంగుళం పొడుగయ్యాం. ఫర్లాంగు దాటేసరికి అరడుగు పొడుగయ్యాం. బూటుకి తవ్వెడు మట్టి, ఆ మట్టికి ఇంకో తవ్వెడు. తాసీల్దారుగారి కాన్వాసు బూటు బురదలో ఉండిపోయింది, ఆయన ముందుకు వెళ్ళిపోయారు. బూటు తీద్దామని ముగ్గురు వంగారు. ఆ ముగ్గుర్నీ లేపడానికి మిగతావాళ్ళం వెనక్కి రావలసి వచ్చింది.

సైకిలు చక్రాలు మట్టితో బిగుసుకుపోయాయి, ముందుకీ రావు, వెనక్కీ పోవు. నేను మూట అందుకున్నాను. పానకాలు ఉసూరుమంటూ సైకిలు ఎత్తి భుజానేసుకుని, ఉత్తికాళ్ళతో కుంటుతూ నడిచాడు. వెనక నుంచి చూసిన తాసీల్దారుగారికి కళ్ళ నీళ్ళు తిరిగాయి.

"చూశారటయ్యా! సైకిలుండీ ఎక్కలేదు. ఎక్కకపోగా మోస్తున్నాడు!"

"చక్రం తిరగట్లేదండయ్యా" అన్నాడు పానకాలు రొప్పుతూ.

"ఆ వినయం చూడండి!" అన్నారాయన. అందరూ చప్పట్లు కొట్టారు. నాకు నవ్వాలో తన్నాలో తెలియలేదు.

కురగల్లు రోడ్డు పక్కనే సుబ్బరావమ్మ అనే రైతమ్మ కల్లం ఉంది. పానకాలు దగ్గర పాతికేళ్ళుగా చీరలు కొంటున్న మనిషి. వాడి మొహం చూసి వంట చేయించి పెట్టింది. మమ్మల్ని చూసి హడలిపోయింది.

"అయ్యో అయ్యో, బస్సు బోల్తా పడిందా బాబూ?"

"లేదమ్మా, కావాలనే నడిచి వచ్చాం" అన్నారు తాసీల్దారుగారు.

"కావాలనా? పక్కనే రోడ్డు పెట్టుకుని? మొక్కుబడా?"

"ఆరోగ్యం కోసమమ్మా."

ఆమె పదకొండు నిక్కర్లనీ ఎగాదిగా చూసి, ఇంకేమీ అడక్కుండా విస్తళ్ళు వేయించింది. పులిహోర, గారెలు, గోంగూర, పండుమిరపకాయ పచ్చడి, గడ్డపెరుగు. చక్కెర జబ్బు వాళ్ళంతా పరమాన్నం మారు వడ్డించుకుని తిన్నారు. డాక్టరుగారు అటు తిరిగి కూర్చుని ఆయనా తిన్నారు. పానకాలు మాత్రం తిండి మీద ధ్యాస లేకుండా పుల్లతో చక్రాల్లో మట్టి తీసుకుంటున్నాడు.

తాసీల్దారుగారు ఒక చెక్కపెట్టె తిరగేయించి దాని మీదెక్కి ఉపన్యాసం మొదలుపెట్టారు. పానకాలుకి ఒక బంతిపూల దండ, సైకిలుకి ఒకటి వేయించారు. అక్కడితో ఆగితే బాగుండేది.

"ఇట్టి సైకిలు మామూలు సైకిలు కాదు! దీన్ని మన సంఘం పఠనమందిరంలో గొలుసువేసి శాశ్వతంగా నిలుపుదాం. పైన 'ఎక్కని సైకిలు' అని బోర్డు రాయిద్దాం. సమ్మతమేనా?"

పదకొండు గోంగూర చేతులు పైకి లేచాయి. కార్యదర్శిని కదా, తీర్మానం నేను పుస్తకంలో రాశాను. సిగ్గులేకుండా సగం రాశాను. తలెత్తితే పానకాలు మొహం కనిపించింది. అందరూ కలిసి వాడి బతుకు గుంజుకుంటున్నారు, వాడు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. నా చెయ్యి ఆగిపోయింది.

"ఒరేయ్ పానకాలూ, నోరు తెరవరా!" అని అరిచాను.

వాడు తెరిచాడు. "అయ్యగారూ, నాకు నడవడం ఇష్టం లేదండి."

తాసీల్దారుగారు పెట్టె మీంచి ముందుకు వంగి, చెవి దగ్గర చెయ్యి పెట్టారు.

"ముప్పై ఏళ్ళ నుంచీ ఇష్టం లేదండి. సైకిలు లేక నడిచాను. నడిచినప్పుడల్లా ఈ కాళ్ళని తిట్టుకుంటూ నడిచాను. ఇది నా పెళ్ళాం రెక్కలు ముక్కలు చేసుకుని తెచ్చిన సైకిలు. నేను ఎక్కుతాను."

"పానకాలూ, తీర్మానం అయిపోయిందయ్యా!" అన్నారు తాసీల్దారుగారు, నిజంగానే కంగారుపడి.

"తీర్మానం మీ దగ్గరే ఉంచుకోండి. కాస్త ఆ పెట్టె దిగండి, నేను ఎక్కాలి."

ఆయన దిగలేదు. చెయ్యెత్తి ఓటేసిన పెద్దమనిషే అయినా, జక్రయ్యగారికి అప్పటికి సిగ్గేసినట్టుంది. "దిగండి భావనారాయణగారూ, ఆ మోకాలితో నడవొద్దన్నది నేనే" అన్నారు. "దిగవయ్యా బాబూ, వాడి పెట్టె వాడికియ్యి!" అని సుబ్బరావమ్మ కేకేసింది. పెట్టె ఆవిడదే నిజానికి. ఆయన దిగారు.

పెట్టె తెచ్చి కంకర రోడ్డు మీద వేశాను. పానకాలు దాని మీద నిలబడి, కుంటికాలు అవతలికి వేసి, సీటు మీద కూర్చున్నాడు. ఒక్క తోపు తోశాను. సైకిలు అటూ ఇటూ ఊగింది, రెండు కోళ్ళు ప్రాణభయంతో ఎగిరాయి, ఆ తర్వాత తిన్నగా సాగింది. దండ ఎగిరెగిరి పడుతుండగా మంగళగిరి వైపు వెళ్ళిపోయాడు. చీరల మూట మాత్రం నా దగ్గరే మర్చిపోయాడు.

సంఘం వారు సుబ్బరావమ్మగారి ఎడ్లబండిలో తిరిగొచ్చారు. నాకు వాళ్ళ పక్కన కూర్చోబుద్ధి కాలేదు. రోషంకొద్దీ మూట భుజానేసుకుని ఐదు మైళ్ళూ నడిచాను. రెండో మైలుకే ఏడుపొచ్చింది. వాడి మూట నేనెప్పుడూ మోసి ఎరగను.

మూట ఇచ్చిపోదామని వాళ్ళింటికి వెళ్ళేసరికి పొద్దు ఇంకా చాలా ఉంది. మొగుడూ పెళ్ళాం అరుగు మీద కూర్చుని ఉన్నారు. నాంచారమ్మ కళ్ళు తుడుచుకుంటోంది. మూట అక్కడే దించేశాను.

"ఏమైందమ్మా, పడ్డాడా?"

"పడలేదన్నా. పట్టపగలే ఇంటికొచ్చాడు. ఎవరన్నా పోయారేమోనని హడలిచచ్చాను. ఎవరూ పోలేదు, ఊరికే వచ్చానన్నాడు." ఆమె పానకాలు తల వంక చూసింది. "రోజూ చీకటితో పోయి, దీపాలు పెట్టాక వచ్చే మనిషాయె. వెలుగులో తీరిగ్గా నేనెప్పుడు చూశానన్నా? జుట్టంతా ఎప్పుడు నెరిసిందో ఏమో!"

"ఊరుకోవే, ఇమాం ముందు ఏంటిది" అన్నాడు పానకాలు. తల మాత్రం పక్కకి తిప్పుకోలేదు.