కొక్కెం లేని రైఫిల్

మొన్న శనివారం జాకెట్ జిప్పు మార్పించడానికి వర్జీనియాలో మా పక్కనున్న షాంటిలీలో ఒక టైలరింగ్ షాపుకి వెళ్ళాను. కౌంటర్ వెనకాల ఒక పెద్దావిడ కుట్టుమిషనును పక్కకి వాల్చి, సన్నటి ముక్కున్న డబ్బాతో దాని కీళ్ళలో నూనె చుక్కలు వేస్తోంది. ఆ వాసన తగలగానే నాకు ఒళ్ళు మండింది. పాపం, ఆవిడ తప్పేమీ లేదు. నాకు పదకొండేళ్ళప్పుడు మా ఇంట్లో దాదాపు అదే వాసన, పొద్దున ఇంగువ పోపుతోనూ సాయంత్రం అగరొత్తులతోనూ కలిసిపోయి, కార్పెట్లకీ కర్టెన్లకీ నా స్కూలు బ్యాగుకీ పట్టి ఉండేది. అది మా నాన్న రైఫిల్‌కి పూసే నూనె. బాల్యం అనగానే అందరికీ మల్లెపూలూ తొలకరి వానలూ గుర్తొస్తాయట. నా వంతుకి ఇది వచ్చింది.

మా నాన్న డేటాబేస్‌ల మనిషి. ఆఫీసులో ఎంత సమర్థుడో నాకు తెలియదు గానీ, ఇంట్లో గోడకి మేకు దిగాలంటే అమ్మే స్టూలెక్కి కొట్టాలి. కొనడంలో మాత్రం ఆయనంత జాగ్రత్తపరుడు ఉత్తర వర్జీనియా మొత్తంలో ఉండడు. ఇండియన్ స్టోర్‌లో బెండకాయల ముందు నిలబడి ఒక్కొక్కదాని తోక విరిచి చూసేవాడు, తాజా పాలడబ్బా కోసం షాపు అరలోకి భుజం దాకా చెయ్యి పెట్టి వెనక వరసలోది లాగేవాడు, టోస్టర్ కొనాలన్నా పది రోజులు రివ్యూలు చదివేవాడు. అలాంటి మనిషి, సిటిజన్‌షిప్ వచ్చిన నెల తిరక్కుండా, తయారుచేసిన కంపెనీ ఎప్పుడో మూతపడిన రైఫిల్ ఒకటి కొని ఇంటికి తెచ్చాడు.

కొన్న రోజు నేనూ వెంటే ఉన్నాను. పెద్ద ఎక్స్‌పో హాల్లో వరసగా బల్లలు, వాటిమీద చేపల మార్కెట్లో చేపల్లా పరిచిన తుపాకులు, గాలి నిండా పాప్‌కార్న్ వెన్న, తోలు, తడిసిన కోట్ల వాసన. నాన్నని ఇందులోకి దించింది రాజిరెడ్డి అంకుల్, ఆఫీసులో పక్క క్యూబికల్‌లో కూర్చునే ఆయన. రెండు తుపాకులు అప్పటికే ఉన్న అధికారంతో ముందు నడుస్తున్నాడు. బల్ల వెనక గడ్డమున్న ఒకాయన ఒక పాత సెమీ ఆటోమేటిక్‌ని గుడ్డతో తుడుస్తూ, ఇవిప్పుడు ఎక్కడా తయారవడం లేదన్నాడు. బుర్ర ఉన్నవాడికి అది హెచ్చరిక. మా నాన్నకి అది పొగడ్తలా వినిపించింది, అందులోనూ తననే ఎవరో పొగిడినట్టు.

"గిసొంటి పీస్ మళ్ల దొరకదన్నా. తీస్కో," అన్నాడు అంకుల్.

ఇంటికొచ్చాక అమ్మ దాన్ని చీపురు వంక చూసినట్టు చూసి, ఒక్కటే ప్రశ్న అడిగింది. "ఏదన్నా పార్ట్ పోతే ఎక్కడ తెస్తారండీ?"

"అది పోయే రకం కాదులే," అన్నాడు నాన్న.

దాంతోపాటు జిరాక్స్ తీసిన బుక్‌లెట్ ఒకటొచ్చింది. నాన్న దాన్ని తెరవలేదు. మందుల పెట్టెలో మడిచిపెట్టే కాగితాన్ని కూడా చివరిదాకా చదివే మా అమ్మ, దాన్ని వంటింటి బల్లమీద పెట్టుకుని, చిక్కుడుకాయలు వలుస్తూ, రెండు సాయంత్రాల్లో పూర్తిచేసింది. నాన్న అప్పటికి రైఫిల్‌తో ఫొటోలు దిగే పనిలో ఉన్నాడు. మంచులో కుంకుమపువ్వు రంగు స్వెటర్ వేసుకుని గరాజ్ ముందు ఒకటి, బొజ్జ లోపలికి లాక్కుని డెక్ మీద ఒకటి. పార్టీల్లో అంకుల్స్ అందరూ సమోసాలు పట్టుకుని ఆ ఫొటోల చుట్టూ మూగేవాళ్ళు. వాళ్ళలో ఒక్కడికీ బొద్దింకని చంపే ధైర్యం లేదని వాళ్ళ ఇళ్ళల్లో పిల్లలందరికీ తెలుసు.

పోయే రకం కాదన్నది ఏప్రిల్‌లో పోయింది. అంకుల్‌కి తెలిసినవాళ్ళ ఫామ్ వెస్ట్ వర్జీనియాలో ఉంటే అక్కడికి కాల్చడానికి వెళ్ళాం. నేను వ్యాన్‌లో కూర్చుని అమ్మ కట్టిచ్చిన పులిహోర తింటూ, చప్పుడు వినపడకుండా చెవులకి పెట్టుకున్న పెద్ద మఫ్‌లను వేలితో జరిపి జరిపి చూస్తున్నాను. ఏడో ఎనిమిదో సారికి కాలిన గుండు తాలూకు ఇత్తడి గొట్టం బయటికి రాకుండా లోపలే ఇరుక్కుపోయింది. దాన్ని బయటికి లాగే కొక్కెం, చిటికెన వేలి గోరంత ముక్క, విరిగిపోయింది. అంకుల్ కడ్డీ పెట్టి పొడిచి ఆ గొట్టాన్ని బయటికి నెట్టాడు. నాన్న ఆగాలి కదా, ఆగలేదు. ఇంకొకటి లోపలికి ఎక్కించాడు. సరిగ్గా అప్పుడే వాన దంచడం మొదలుపెట్టింది. తడుస్తానన్న కంగారులో గుళ్ళ పెట్టె ఊడదీసి, పక్కనున్న పిడి ఒకసారి వెనక్కి లాగి, ఏమీ బయట పడలేదు కాబట్టి "ఖాళీ!" అని అరిచి, రైఫిల్‌ని దుప్పట్లో చుట్టి నా కాళ్ళ దగ్గర పడుకోబెట్టాడు.

ఆ రోజు నుంచి మా శనివారాలన్నీ ఆ కొక్కెం పాలయ్యాయి. పెన్సిల్వేనియా అన్నారు, వెళ్ళాం. మేరీలాండ్‌లో ఎవరి దగ్గరో డబ్బాడు పాత పార్ట్‌లు ఉన్నాయన్నారు, వెళ్ళాం. డాగ్‌వుడ్ పూలు రాలి ఎండలు ముదిరినా, ఎండలు పోయి రోడ్డు పక్క చెట్లు ఎర్రబడినా మేము మాత్రం ఏదో ఒక తుపాకుల సంత బయట, ఫెయిర్‌గ్రౌండ్ పార్కింగ్‌లో వ్యాన్ వెనక డోర్ ఎత్తి, పెరుగన్నంలో ఆవకాయ నంజుకుంటూ ఉండేవాళ్ళం. అమ్మ నా కోసం గవ్వలు తెచ్చేది. చాక్‌పీస్‌తో తారుమీద గళ్ళు గీసుకుని ఇద్దరం అష్టాచెమ్మా ఆడుకునేవాళ్ళం. లోపల నాన్న బల్లబల్లకీ వెళ్ళి, జేబులోంచి విరిగిన ముక్క తీసి, పెళ్ళిసంబంధానికి జాతకం చూపించినంత భక్తిగా చూపించేవాడు. వాళ్ళు దాన్ని అటూ ఇటూ తిప్పి, అబ్బో అరుదైనది అని తలలూపి, వేరే ఏదో అంటగట్టి పంపేవాళ్ళు. ఒకాయన తోలు పట్టీ అమ్మాడు. ఒకాయన టోపీ అమ్మాడు. రాత్రిళ్ళు ఇంటర్నెట్‌లో, అదే రైఫిల్ కొని అదే కొక్కెం విరగ్గొట్టుకున్న మగవాళ్ళందరూ దొంగపేర్లతో ఒకచోట చేరి, ఒకళ్ళ తెలివిని ఒకళ్ళు మెచ్చుకునేవాళ్ళు. నాన్న వాళ్ళని 'మా వాళ్ళు' అనేవాడు.

రైఫిల్ మాత్రం హాల్లో కోట్లు తగిలించే అల్మరాలో, గొడుగుల పక్కన నిలబడి ఉండేది. తాళం వేసే పెట్టె కొనమని అమ్మ కనీసం పదిసార్లు చెప్పింది. "కొక్కెం లేందే అది కర్రతో సమానమే," అనేవాడు నాన్న. పదకొండేళ్ళ నేను ఆ మాట నమ్మాను. పెద్దవాళ్ళు అంత ధీమాగా చెప్పేవన్నీ నిజాలనే అప్పుడు అనుకునేదాన్ని.

దసరా వచ్చింది. మా బేస్‌మెంట్‌లో అమ్మ పెట్టే బొమ్మల కొలువంటే చుట్టుపక్కల పేరు. పుస్తకాల అట్టపెట్టెల్నీ ప్రింటర్ వచ్చిన పెట్టెనీ మెట్లుగా పేర్చి, పైన తన పెళ్ళినాటి ఆకుపచ్చ పట్టుచీర పరిచి, అంబారీ ఏనుగు, దశావతారాలు, తల ఒకటి ఊడితే జిగురుతో అతికించిన పెళ్ళికొడుకు, ఆఖరి మెట్టు మీద నా ప్లాస్టిక్ డైనోసార్లు. తొమ్మిది రోజులూ శనగ గుగ్గిళ్ళ ఆవిరి, చక్రపొంగలిలో వేగే జీడిపప్పు వాసన, ఆంటీల పట్టుచీరల గరగర. ఏటా ఆయుధపూజకి మా ఇంట్లో ఆయుధాలంటే రెండు లాప్‌టాప్‌లు, కారు తాళాలు, అమ్మ కత్తెర. ఆ ఏడు నాన్న రైఫిల్ తెచ్చి మెట్ల ముందు నిలబడ్డాడు.

"ఇన్నేళ్ళకి నిజమైన ఆయుధం ఉంది ఇంట్లో. పెట్టకపోతే ఎట్టా?" అన్నాడు.

అమ్మ దాన్ని అందుకుని కింది మెట్టు మీద గొట్టం గోడవైపు ఉండేలా పడుకోబెట్టింది. ట్రిగ్గర్ పక్కనున్న, దాన్ని కదలనివ్వని చిన్న మీటని బొటనవేలితో అవతలికి నెట్టింది, అది కదిలిందో లేదో వంగి చూసుకుంది, తర్వాత సరిగ్గా ఆ మీట మీద గంధం రాసి కుంకుమ బొట్టు పెట్టింది. నాన్న హారతి ఇచ్చి, కళ్ళు మూసుకుని, కొక్కెం దొరకాలని కాబోలు, చాలాసేపు దండం పెట్టుకున్నాడు.

ఆ సాయంత్రం ఆంటీలందరూ పైన పళ్ళేలు పట్టుకుని కూర్చున్నారు. కింద నేనూ సహజా మిగిలాం. సహజ వాళ్ళది రెండు వీధుల అవతల ఇల్లు, నాకంటే ఏడాది చిన్నది, నాకున్న ఒకే ఒక ప్రాణస్నేహితురాలు. పసుపుపచ్చ పరికిణీ వేసుకుని, జారిపోతున్న జడగంటలు పట్టుకుంటూ, దొంగా పోలీసూ ఆడదామంది. నేను పోలీస్‌నన్నాను. పోలీస్‌కి తుపాకీ కావాలి. అది అక్కడే ఉంది, పూలు చల్లించుకుని. ఎత్తితే నా చేతులు వణికేంత బరువు. గోడకి ఆనుకుని చేతులు పైకెత్తిన సహజ నుదుటి మీది బొట్టుకి సూటిగా గురిపెట్టి, ట్రిగ్గర్ నొక్కాను.

అది కదల్లేదు.

"ఇట్స్ బ్రోకెన్, సిల్లీ," అని కిలకిలా నవ్వింది సహజ. అయినా ఆట ఆటే కాబట్టి, గుండె పట్టుకుని, నాలుక బయటపెట్టి, కార్పెట్ మీద పడి చచ్చిపోయింది. నేను రైఫిల్ మళ్ళీ మెట్టు మీద పెట్టి, పూలు సర్దేశాను.

థాంక్స్‌గివింగ్‌కి వారం ముందు ఒహాయో నుంచి చిన్న కవర్‌లో కొక్కెం వచ్చింది. నాన్న దాన్ని దేవుడి దగ్గర పెట్టి మరీ తీశాడు. దాన్ని బిగించడానికి టైర్ల షాపు వెనక తుపాకులు బాగుచేసే ముసలాయన దగ్గరికి నన్ను వెంటబెట్టుకుని వెళ్ళాడు. ఎన్ని రాష్ట్రాలు తిరిగాడో చెప్పుకుంటూ పోతుంటే, ఆయన వినీ విననట్టు రైఫిల్ అందుకుని లోపలికి చిన్న లైటు వేసి చూశాడు. లైటు ఆర్పాడు. దాన్ని వెనక గదిలోకి తీసుకెళ్ళి తలుపు మూసుకున్నాడు. కాసేపటికి తిరిగొచ్చి, కౌంటర్ మీద గుప్పిట విప్పితే, అందులో పేలని గుండు. ముందు ఇత్తడి గొట్టం, దాని కొసన రాగి మొన, రెండూ చెక్కుచెదరకుండా. దాన్ని బయటికి లాగాల్సింది ఆ కొక్కెమే. కొక్కెం లేదు కాబట్టి ఏప్రిల్ నుంచీ లోపలే ఉండిపోయింది.

"ఇంట్లో పిల్లలున్నారా?" అని అడిగాడు ఇంగ్లీషులో.

నాన్న నా వంక చూశాడు. నేను ఆ కౌంటర్ అంచు పట్టుకున్నాను. పసుపుపచ్చ పరికిణీ తప్ప ఏమీ కనిపించలేదు.

దారిలో రెడ్ లైట్ దగ్గర, "అమ్మతో అనమాక," అన్నాడు నాన్న. నేను అనలేదు. ఆయన ఆ మాట అన్నందుకు ఇన్నేళ్ళూ ఆయన్ని నీచంగా చూశాను, కాలేజీకి వెళ్ళాక ఫోన్లు ఎత్తడం మానేశాను, ఆయన ప్రతి పార్టీలోనూ కొక్కెం కోసం తిరిగిన కథని గుండు సంగతి మింగేసి చెబుతుంటే అక్కడినుంచి లేచి వెళ్ళిపోయేదాన్ని. నేను మింగిందాన్ని గురించి మాత్రం ఆయనకి చెప్పలేదు. అమ్మకీ చెప్పలేదు.

రైఫిల్ ఆ తర్వాత రెండుసార్లు పేలింది, మూడోసారికి ఏదో స్ప్రింగ్ పోయింది, అదీ ఎక్కడా దొరకలేదు. చివరికి ఒకరోజు నాన్నే పోలీసులకి అప్పగించి వచ్చాడు. రాజిరెడ్డి అంకుల్ టెక్సస్ వెళ్ళిపోయాడు. ఆ పార్కింగ్ లాట్ల పెరుగన్నాలు లేవు, తారుమీద చాక్‌పీస్ గళ్ళు లేవు, అమ్మ మోకాళ్ళు బేస్‌మెంట్ మెట్లు దిగనివ్వవు కాబట్టి కొలువు కూడా లేదు. బొమ్మలు పాత దినపత్రికల్లో చుట్టి గరాజ్‌లో ఉన్నాయి. ఈ దసరాకి అమ్మ హాల్లో టీవీ పక్కన ఒక బల్ల వేసి, అంబారీ ఏనుగునీ దుర్గమ్మ పటాన్నీ పెట్టి ఊరుకుంది.

దానికే నేపర్‌విల్ నుంచి సహజ వచ్చింది, ఎనిమిదేళ్ళ కూతుర్ని తీసుకుని. గుగ్గిళ్ళు తింటూ, పాత కొలువు గురించి చెబుతూ, ఉన్నట్టుండి పగలబడి నవ్వింది.

"నీకో సంగతి తెలుసా," అంది కూతురితో. "నీ ఆంటీ నన్ను ఇక్కడే, కింద బేస్‌మెంట్‌లో షూట్ చేసింది. తాతగారి గన్‌తో."

"రియల్ గన్నా?" అంది ఆ పిల్ల.

"రియలే. కానీ బ్రోకెన్. కదే?" అని సహజ నా వంక తిరిగింది.

సోఫాలో నాన్న పేపర్ దించాడు. "అవునే, పనిచేసేది కాదు," అన్నాను. నాన్న లేచి, చెప్పులు కూడా వేసుకోకుండా డెక్ మీదకి వెళ్ళిపోయాడు. చాలాసేపు లోపలికి రాకపోతే వెళ్ళి చూశాను. రెయిలింగ్ రెండు చేతులతో పట్టుకుని నిలబడి ఉన్నాడు. నా వైపు తిరగలేదు.

"ఎన్నిసార్లు నొక్కావే?" అని అడిగాడు.

"మూడుసార్లు," అన్నాను. "మూడోసారి రెండు వేళ్ళతో."